ఎండిన మళ్ళలో సముద్రపు గాలం

బాన్సువాడ బస్టాండు ఎదుట, ఒకప్పుడు సైకిళ్ళు కిరాయికి ఇచ్చిన గదిలో, ఇప్పుడు చేపలు పట్టే సామాను అమ్మే దుకాణం ఒకటి వెలిసింది. ఎరువుల కొట్టుకు వెళుతూ మొన్న నేను దాని ముందు ఆగిపోయాను. గుమ్మానికి అడ్డంగా నలుపు, ఎరుపు రంగుల ఫైబరు కర్రలు వరసగా వేలాడుతున్నాయి. అద్దాల పెట్టెలో గాలాలు కొలతల వారీగా, రబ్బరు కప్పలు, రంగు పూసిన ఉత్తుత్తి చేపపిల్లలు, వెండిలా మెరిసే దారపు చుట్టలు. పెద్ద కొడప్‌గల్ వైపు నుంచి వచ్చిన ఒక పడుచువాడు కర్రను చేతిలో ఊపి చూస్తుంటే, దుకాణంవాడు అతనికి పాఠం చెబుతున్నాడు.

"ఎంత దూరం కొడితె గంత పెద్ద చేప అన్నా. గీ రాడ్‌తోటి కట్ట మీద నిలబడి కొట్టు, సీదా నడిమిట్ల పడ్తది."

నేను ఊరుకుని ఉండవలసింది. ఊరుకోలేదు. దూరం కాదు బాబూ, లోతు చూసి వేయాలి, ఒడ్డుకు దగ్గరగా తిరిగే చేపను దాటించి నడిమధ్యకు విసిరితే నీ ఎర నీళ్ళలో నాని ఉబ్బడం తప్ప లాభం లేదు అన్నాను. దుకాణంవాడు నన్ను ఎగాదిగా చూసి, "పెద్దసార్, మీరు ఎన్నడన్న పట్టిండ్రా, ఉత్తగనే చెప్తున్నరా?" అన్నాడు. పడుచువాడు నవ్వు దాచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ ప్రశ్నకు నా జవాబును రోడ్డు మీద నిలబడి చెబితే ఎవరూ నమ్మరు. సముద్రపు ఒడ్డున నిలబడి గాలం వేసే విద్యను నేను ఈ బాన్సువాడ పక్కనే, సముద్రం పేరు తప్ప రూపు ఎరుగని వయసులో, కోత కోసిన వరిమడిలో నేర్చుకున్నాను. నేర్పినవారు మా తాతయ్య. నాతోపాటు నేర్చుకున్నది మా చెల్లెలు. నేర్చుకున్నది ఇద్దరమైనా ఆనాడు సముద్రం చూసింది ఆమె ఒక్కతే. ఇది జరిగి యాభై ఏళ్ళు దాటుతున్నా ఆ సంగతి తలచుకుంటే నా కడుపులో ఏదో ఇంకా చిన్న మంట మీద ఉడుకుతూనే ఉంటుంది.

మా తాతయ్య, అంటే మా నాన్నగారి నాన్నగారు, కోస్తా నుంచి వచ్చి బీర్కూర్ దారిలో కాలువ కింద పొలం కొని స్థిరపడినవారిలో ఒకరు. ఆయన పుట్టిన ఊళ్ళో రాత్రి పడుకుంటే సముద్రపు హోరు మంచం దాకా వినిపించేదట. పగలంతా సేద్యం, పొద్దు వాలితే భుజాన గాలపు తాడు, ఇదీ ఆయన యౌవనం. ఇక్కడికి వచ్చేటప్పుడు ఎడ్లను తెచ్చుకున్నారు, నాగళ్ళను తెచ్చుకున్నారు, ఊరగాయ జాడీలను కూడా గడ్డిలో చుట్టి పగలకుండా తెచ్చుకున్నారు. సముద్రాన్ని మాత్రం తెచ్చుకోలేకపోయారు. నేనూ, నాకంటె రెండేళ్ళు చిన్నదైన చెల్లెలూ ఇక్కడే పుట్టాం. మాకు నీళ్ళంటే కాలువ. కాలువంటే వంతు. మా తూముకు మంగళవారం పొద్దున్న ఆరింటికి నీళ్ళు అని రాసి ఉంటే మంగళవారం పొద్దున్న ఆరింటికే లస్కరు వచ్చి తూము ఎత్తేవాడు. మళ్ళీ మంగళవారం, మళ్ళీ ఆరింటికే. మా ఇంట్లో భోజనాలు, ప్రయాణాలు, ఆఖరికి పెళ్ళిచూపులు కూడా ఆ వంతు పట్టికను చూసి నిర్ణయించినవే. నా వయసు రైతుబిడ్డలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

వేసవిలో యాసంగి కోతలయ్యాక మళ్ళు ఎండి, కొయ్యకాళ్ళు మాత్రం మిగిలేవి. చెరకుకు ఒకటి రెండు తడులు తప్ప కాలువలో నీళ్ళు ఉండేవి కావు. అటువంటి సాయంత్రాల్లో తాతయ్య మమ్మల్ని ఇద్దరినీ మడిలోకి తీసుకుపోయి, మా ఎదుట ఉన్న గట్లను చేతికర్రతో చూపించి, అవే అలలు విరిగే ఇసుకమేటలు అనుకోమనేవారు. రెండు గట్ల నడుమ పల్లంగా ఉన్న మడి లోతైన దారి. అల తెల్లగా విరిగిన చోట నీళ్ళు తక్కువ. విరగకుండా నల్లగా, నూనె రాసినట్టు సాగిన చోట లోతు ఎక్కువ. చేప ఆ లోతైన దారి వెంటనే ఒడ్డుకు సమాంతరంగా పోతూ వస్తూ ఉంటుంది. కనక నీ బలమంతా చూపించి మూడో గట్టు దాటించనక్కరలేదు, మొదటి గట్టు వెనక పల్లంలో మెత్తగా దించు అనేవారు. మొన్న దుకాణంలో నేను చెప్పబోయింది ఇదే.

మా పక్క పొలం ఆయనను మేము కాక అని పిలిచేవాళ్ళం. ఆయన స్థానికుడు, తాతయ్యకు మంచి స్నేహితుడు, నాలుకకు పదును ఎక్కువ. మేము మొదటిసారి ఎండిన మడిలోకి తాడు కొసకు బరువుగా కట్టిన సీసం విసిరిన సాయంత్రం ఆయన గట్టు మీద చతికిలబడి చాలాసేపు చూశాడు.

"ఏంది పెద్దయ్యా, కాలువ బందయిందని కొయ్యకాళ్ళల్ల చేపలు పడుతున్నవా? దొరికితె మా ఇంటికి గూడ రెండు పంపు."

"పంపిస్తాలే తమ్ముడూ. ముందు నువ్వెళ్ళి మసాలా నూరించు" అన్నారు తాతయ్య, తాడు మీద నుంచి కన్ను తీయకుండానే.

నాకు ఆనాటికే ప్రతిదీ రాసి పెట్టుకునే అలవాటు ఉంది. వాన పడిన రోజు, ఆవు ఈనిన రోజు, పొలంలో ఎరువు వేసిన రోజు, అన్నీ తేదీలతో సహా రాసేవాణ్ణి. తాతయ్య పాఠాలను కూడా అలాగే రాశాను, బొమ్మలతో సహా. ఈనాటికీ ఎవరైనా నిలదీస్తే ఒక్క కొలత తప్పకుండా చెప్పగలను. సీసాన్ని గుండ్రంగా పోయకూడదు. గుండ్రనిది అల వెంట దొర్లుకుంటూ వచ్చి నీ కాళ్ళ దగ్గరే పడుతుంది. చదునుగా, అంచులు మిగిల్చి పోస్తే ఇసుకను కరుచుకుని నిలుస్తుంది. ఇసుకలో బొటనవేలితో గుంట నొక్కి, కరిగిన సీసం అందులో పోసి, గట్టిపడేలోగా తీగ కొక్కెం గుచ్చాలి. ఇసుక చెమ్మ తగిలీ తగలనట్టుగా ఉండాలి, తడి ఎక్కువైతే సీసం చిటపటలాడి మొహాన చిందుతుంది. సీసం తాడు కొసన ఉండాలి. గాలం దానికి మూరెడు పైన, జానెడు పిల్లతాడుకు వేలాడాలి. అలా కడితే ఎర నేలబారున పడి పీతల పాలు కాకుండా నీళ్ళలో ఆడుతుంది. ఎరను గాలానికి గుత్తిగా గుచ్చకూడదు, గాలపు కొన బయటకు కనపడీ కనపడనట్టు ఉండాలి, లేకపోతే చేప ఎరను పీల్చుకుని పోతుంది గాని ముల్లు దిగదు. తాడును తట్టలో వలయాలుగా పరచుకుని, సీసానికి బారెడు పైన పట్టి, తల మీదుగా తిప్పి, బరువు వేళ్ళకు తెలిసిన క్షణంలో వదలాలి. భుజంతో విసిరినవాడికి రెండో రోజు చెయ్యి లేవదు. నడుము తిప్పి విసరాలి.

వీటన్నిటిలో నేను చెల్లెలికంటె మెరుగు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఏ రోజు ఎవరి సీసం ఎక్కడ పడిందో రాసినవాణ్ణి నేనే. నా ముడి జారదు. నా సీసం గురి పెట్టిన చోటే పడుతుంది. చెల్లెలి ముడి చూస్తే కోడి కెలికినట్టు ఉండేది. సీసం పోయమంటే సగం ఇసుక సీసానికే అంటుకునేది. అయినా తాతయ్య దాని ముడి చూసి నవ్వేవారు, నా ముడి చూసి తల ఊపేవారు. నవ్వుకూ తల ఊపడానికీ ఉన్న తేడా పిల్లవాడికి ఎవరూ వివరించనక్కరలేదు.

ఆమె నన్ను మించింది ఒక్క ఆటలో. మాలో ఒకరు చేప కావాలి, ఒకరు పట్టేవారు కావాలి. చేప అయినవారు తాడు కొస పట్టుకుని గట్టు వెనక కనపడకుండా పడుకుని లాగాలి. ఇవతల ఉన్నవారు చూపుడువేలి మీద తాడు ఆనించుకుని, ఆ లాగుడును బట్టి ఏమి తగులుకుందో చెప్పాలి. గీరినట్టు, కొరికినట్టు ఉంటే పీత. రెండుసార్లు తట్టి బరువుగా కూర్చుంటే జెల్ల. దాన్ని పైకి తీశాక పక్క ముళ్ళు చూసుకుని పట్టాలి, గుచ్చుకుంటే రెండు రోజులు జ్వరం. తల విదిలించినట్టు గబగబ కొడితే గొరక. అన్నిటికంటె విలువైన చేప మాగ మాత్రం ఒక్కోసారి అసలు లాగదు. ఎర అందుకుని ఒడ్డువైపే తిరుగుతుంది, తాడు ఉన్నట్టుండి వదులవుతుంది. అప్పుడు ఆలోచించకుండా వెనక్కి పరుగెత్తి తాడు బిగించాలి. ఇది చెల్లెలికి పుట్టుకతో వచ్చినట్టు వచ్చింది. ఆమె చేప అయినప్పుడు గట్టు వెనక నుంచి లేచి, చప్పుడు కాకుండా నా వైపే పరుగెత్తుకొచ్చేది. నేను లాగుడు కోసం ఎదురు చూస్తూ, వేలి మీద తాడు సర్దుకుంటూ, రాయిలా నిలబడి ఉండేవాణ్ణి.

"అన్నయ్యా, చేప నీ పక్కనుంచే ఇంటికెళ్ళి అన్నం తింటోంది!"

అని అరిచేది. తాతయ్యకు దగ్గు వచ్చేదాకా నవ్వు. గట్టు మీద కూర్చున్న కాకదీ అదే నవ్వు. నేను ఆ రోజు పాఠం కింద ఏమీ రాసేవాణ్ణి కాదు.

చేపను ఒడ్డుకు తేవడం ఆఖరి పాఠం. తాతయ్య గట్టు మీద నిలబడి రెండు చేతులూ చాచి, "అల!" అని గట్టిగా అంటే మేము తాడు లాక్కుంటూ వెనక్కి నడవాలి; "పోయింది!" అంటే ఆగి, తాడు కొంచెం వదలాలి. అల వచ్చేటప్పుడు దాని బలం నీది, తిరిగి పోయేటప్పుడు దాని బలం చేపది. పోయే అలకు ఎదురు లాగినవాడి తాడు తెగుతుంది, లేదా చేప మూతి చీలుతుంది. ఆయన ఆ రెండు మాటలూ పలికే తీరులో ఏదో ఉండేది. "అల" అన్నప్పుడు ఆ ఎండిన మడిలో నా మడమల కింద నేల నిజంగా జారినట్టయ్యేది. సముద్రం చూడాలన్న కోరిక నాకు పుస్తకాల వల్ల కలగలేదు, ఆ ఒక్క మాట వల్ల కలిగింది.

డెబ్బై మూడో సంవత్సరపు వేసవిలో, తాతయ్య తమ ఊరు వెళుతున్నారని తెలిసింది. ఆయన అక్కగారు ఇంకా అక్కడే ఉండేవారు. ముసలితనంలో ఒకసారి చూసి రావాలని ప్రయాణం కట్టారు. మాలో ఒకరిని తీసుకుపోతానన్నారు. ఇద్దరినీ ఎందుకు కాదని నేను అడిగాను. ఒడ్డున ఇద్దరు పిల్లల మీద కన్ను వేసి ఉంచడం ఈ వయసులో నా వల్ల కాదురా అన్నారు. ఎవరిని అన్నది మర్నాటి సాయంత్రం మడిలోనే పరీక్ష పెట్టి తేలుస్తానన్నారు. నాకు నిద్ర పట్టలేదు. సందేహం వల్ల కాదు, నాకు సందేహమే లేదు. పెద్దవాణ్ణి, మగపిల్లవాణ్ణి, అన్నీ రాసుకున్నవాణ్ణి. మా అమ్మ అప్పటికే నా చొక్కాలకు గుండీలు కుడుతోంది.

ఆ సాయంత్రానికి నేను ఒక పట్టిక తయారు చేశాను. సముద్రం పొంగే పోటు వేళలోనే చేపలు ఒడ్డుకు దగ్గరగా మేతకు వస్తాయని, నిండు పోటుకు ముందు రెండు గంటలు మంచి అదను అని తాతయ్య చెప్పి ఉన్నారు. తమ ఊళ్ళో పొద్దున్న ఆరింటికి పోటు చూసేవాళ్ళమని కూడా ఒక మాట అన్నారు. తూము దగ్గర గోడ మీద ఉండే వంతు పట్టిక ఎలా ఉంటుందో అచ్చం అలాగే, పాత క్యాలెండరు అట్ట మీద ఎర్ర సిరా, నీలం సిరాలతో గీతలు గీసి, ఆ నెలలో రోజూ పొద్దున్న ఆరు, సాయంత్రం ఆరు అని పోటు వేళలు నింపాను. అంత అందమైన పట్టికను నేను మళ్ళీ ఉద్యోగంలో కూడా గీయలేదు.

పరీక్ష మొదలైంది. ముడి నాది గెలిచింది. సీసం నాది గెలిచింది. మొదటి గట్టు వెనక పెట్టిన తట్టలో నా సీసం పడింది, చెల్లెలిది, గట్టు మీద కూర్చుని చూస్తున్న కాక కాళ్ళ దగ్గర పడింది. "సంపుతవా బిడ్డా!" అని ఆయన ఎగిరి పక్కకు దూకాడు. తాడు మీద లాగుడు చెప్పడంలో చెల్లెలు గెలిచింది. అప్పటికి లెక్క నా వైపే ఉంది. తాతయ్య గట్టు మీద కూర్చుని, చివరి ప్రశ్న, తేల్చేది ఇదే అన్నారు.

"ఇవాళ పొద్దున్న ఆరింటికి నిండు పోటు వచ్చిందనుకోండి. నాలుగు రోజులు పోయాక గాలం వేయడానికి ఎప్పుడు బయలుదేరతారు?"

నేను చెయ్యి ఎత్తనైనా ఎత్తలేదు, లేచి నిలబడి అట్ట తెరిచాను. నాలుగింటికి తాతయ్యా, ఆ రోజు కూడా పోటు ఆరింటికే గనక రెండు గంటలు ముందు వెళ్ళాలి అన్నాను. తాతయ్య అట్ట వైపు చూశారు. చెల్లెలి వైపు తిరిగారు. చెల్లెలు వేళ్ళ కణుపులు లెక్క పెడుతోంది.

"రోజుకు రెండు ఘడియలు వెనక్కి పోతుంది కదా తాతయ్యా. నాలుగు రోజులకు ఎనిమిది ఘడియలు, అంటే మూడు గంటల పైన. పోటు తొమ్మిది దాటాక. మనం ఏడు దాటాక వెళితే చాలు, చద్దన్నం తినే వెళ్ళొచ్చు."

తాతయ్య తొడ చరిచి, అయితే నాతో వచ్చేది నువ్వే అన్నారు. కాక నా చేతిలో అట్ట లాక్కుని చూశాడు, ఎర్ర సిరా ఆరులూ నీలం సిరా ఆరులూ చూశాడు, చూసి, నవ్వలేక కండువా నోట్లో కుక్కుకున్నాడు.

"ఓర్నీ! గీ పిలగాడు సముద్రానికి గూడ లస్కర్‌ను పెట్టిండు పెద్దయ్యా! పొద్దుగాల ఆరింటికి తూము లేపుతడంట!"

ఆ మాట ఆ రాత్రికే ఊరంతా పాకింది. నేను కాలేజీకి వెళ్ళేదాకా నన్ను పిల్లలు సముద్రం లస్కరు అనే పిలిచారు.

ఇక్కడ నా వాదన ఒకటి ఉంది. దీన్ని నేను ఆనాడు చెప్పాను, ఈనాడూ చెబుతున్నాను. పోటు రోజుకు రెండు ఘడియలు ఆలస్యమవుతుందన్న మాట తాతయ్య నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను రాసి ఉండేవాణ్ణి. నేను రాయని మాట నాకు చెప్పని మాటే. ఒక మంగళవారం చెరకు తడికి మా వంతు వస్తే, ఇంటికి పెద్దకొడుకునని నన్ను నాన్నగారు తూము దగ్గర కాపలాకు పంపారు. ఆ సాయంత్రం తాతయ్యా చెల్లెలూ ఇద్దరే మడిలోకి వెళ్ళారు. చంద్రుడు రోజూ ఆలస్యంగా ఎందుకు లేస్తాడని అది అడిగిందట, ఆయన చంద్రుడితో పాటు పోటు సంగతీ చెప్పారట. చెప్పని పాఠంలోంచి ప్రశ్న అడగడం ఏ పరీక్షలో న్యాయం? నేను ఆ రాత్రే ఈ మాట తాతయ్యను అడిగాను.

"అది అడిగింది, చెప్పాను. నువ్వు అడగలేదు గదరా" అన్నారు, దుప్పటి కప్పుకుంటూ.

నీళ్ళు చెప్పిన వేళకు రాకుండా పోతాయని కాలువ కింద పుట్టినవాడికి అనుమానమైనా ఎందుకు వస్తుంది? అడగాలంటే ముందు అనుమానం రావాలి కదా. ఈ జవాబు నాకు ఆ రాత్రి తట్టలేదు. తట్టేసరికి వాళ్ళు రైలెక్కారు.

వాళ్ళు అక్కడ ఉన్న రోజుల్లో నేను చెరకుకు నీళ్ళు కట్టాను. ఎండలో గట్టు మీద కూర్చుని, ఆ రోజు అక్కడ పోటు ఎన్నింటికో రెండు ఘడియల లెక్కన కట్టుకుని, ఇప్పుడు తాతయ్య తాడు పరుస్తూ ఉంటారు, ఇప్పుడు అది ఎర గుచ్చుతూ ఉంటుంది, తప్పకుండా గుత్తిగా గుచ్చుతూ ఉంటుంది, అని ఊహించేవాణ్ణి. దానికి ఒక్క చేపా పడకూడదని కోరుకున్నాను. దానికి జెల్ల ముల్లు గుచ్చుకోవాలని కూడా కోరుకున్నాను, పెద్దగా కాదు, ఒక మోస్తరుగా.

వాళ్ళు తిరిగి వచ్చిన రోజు బాన్సువాడ బస్టాండుకు నేనే ఎడ్లబండి తోలుకుపోయాను. చెల్లెలి ముక్కు మీద చర్మం ఎండకు పొరలు పొరలుగా లేచి ఉంది. పరికిణీ అంచు ఉప్పుతో బిరుసెక్కి ఉంది. ఎండుచేపల మూట వాసనకు బస్సులోవాళ్ళు మూతి తిప్పుకుని దిగుతున్నారు. తాతయ్య బండి ఎక్కకుండా నేరుగా టీ హోటలులోకి నడిచి, తెలిసినవాళ్ళందరినీ కూర్చోబెట్టి, తన మనవరాలు మాగను పట్టిందని చెప్పారు. తాడు వదులైన క్షణంలోనే వెనక్కి పరుగెత్తిందనీ, అలతో లాగి అలతో వదిలిందనీ, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి మొప్పల్లో వేళ్ళు పెట్టి ఎత్తుకొచ్చిందనీ చెప్పారు. నేను బయట ఎడ్ల ముందు గడ్డి వేస్తూ అదంతా విన్నాను.

ఆ రాత్రి చెల్లెలిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాను. ఏ తిథి, ఏ వేళ, పోటుకు ఎంత ముందు, ఎన్ని బారల దూరం, రొయ్య ఎరా చేపముక్క ఎరా, సీసం కరుచుకుందా జారిందా. ప్రతి ప్రశ్నకూ ఖాళీ వదిలి పెట్టుకున్నాను.

"ఏమో అన్నయ్యా. లాగింది, లాగాను."

ఖాళీలు ఖాళీగానే ఉండిపోయాయి. నాకు దక్కి ఉంటే ఆ ఉదయంలో ఒక్క నిమిషం కూడా వృథా పోయేది కాదు. ఎవరికి దక్కకూడదో వాళ్ళకే దక్కిందని నేను అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

వచ్చే ఏడు నీ వంతు అన్నారు తాతయ్య. వంతు అన్న మాట మీద నాకు గట్టి నమ్మకం. కాని ఆ వానాకాలంలోనే ఆయన అక్కగారు పోయారు. ఆమె కొడుకులు ఇల్లు ఖాళీ చేసి పట్నం వెళ్ళిపోయారు. ఆ ఊళ్ళో మాకు దిగడానికి గుమ్మం లేకుండా పోయింది. మరుసటి వేసవికి తాతయ్యకు చూపు మందగించి, మడిలోకి రావడం మానేశారు. నాకు ఉద్యోగం రాకముందే ఆయన కన్నుమూశారు. ఉద్యోగం ఎక్కడ వచ్చిందో చెబితే పాఠకులు నవ్వవచ్చు, కాలువల ఆఫీసులో. తూముల వంతు పట్టికలు రాయడమే నా పని. కాక కబురు విని ఇంటిదాకా వచ్చి, "ఇగ నిజంగనే లస్కర్ అయినవ్ పో" అని మిఠాయి అడిగాడు. గుమాస్తాకూ లస్కరుకూ తేడా ఉందని నేను ఆయనకు చాలాసేపు వివరించాను.

నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది ఎనభైల నడుమ, తోటి ఉద్యోగి ఒకరి పెళ్ళికి కోస్తా వెళ్ళినప్పుడు. సంచి అడుగున గాలపు తాడు, నేనే పోసిన చదును సీసాలు పెట్టుకుపోయాను. తిథి చూసుకుని, ఘడియలు లెక్క కట్టి, నిండు పోటుకు రెండు గంటల ముందు ఒడ్డుకు చేరాను. ఇసుక దిబ్బ ఎక్కి చూస్తే, మొదటి అల విరిగిన చోటుకు వెనక నూనె రాసినట్టు నల్లగా సాగిన లోతు కనిపించింది. మా మొదటి గట్టు వెనక మడే అది. ఎంత దూరమో కూడా తెలుసు. తడి ఇసుకలో తిరుగుతున్న జాలరి ముసలమ్మ ఒకామె రొయ్యలు ఇచ్చి, కాసేపు నిలబడి చూసింది.

"ఎవరు నేర్పారయ్యా? మా మామ కాలంలో ఇలా కట్టేవాళ్ళు. ఇప్పుడెవరు కడుతున్నారు" అంది.

రెండోసారి విసిరినప్పుడే వేలి మీద గబగబ కొట్టింది. గొరక. సందేహం లేదు. అల వచ్చేటప్పుడు లాగాను, పోయేటప్పుడు వదిలాను, ఇసుక మీదికి తెచ్చాను. జానెడున్నర చేప, వెండిలా మెరుస్తూ, గుర్రుగుర్రుమని చప్పుడు చేస్తూ. అన్నీ సరిగ్గా చేశాను. వేళ, దూరం, ఎర అన్నీ అప్పటికప్పుడే రాసుకున్నాను. అయితే అలలు వాటంతటవే వచ్చాయి, వాటంతటవే పోయాయి, తాతయ్యలా ఎవరూ ముందుగా కేక వేసి చెప్పలేదు. చెల్లెలు మాగను లాగినప్పుడు ఆ కేక దాని వెనకే ఉండి ఉంటుంది. ఆ ఒడ్డున, చేతిలో చేప పట్టుకుని కూడా, నేను చెల్లెలి మీద ఈర్ష్యపడ్డాను.

పోయిన ఆదివారం నిజామాబాదు నుంచి చెల్లెలు వచ్చింది. మనవడి ఫోనులో కోస్తాలోని ఏ ఊళ్ళోనైనా రేపు పోటు ఎన్నింటికో నిమిషాలతో సహా కనపడుతుందని చూపించింది. మేము వాకిట్లో కూర్చుని ఉన్నాం. ఎదుట పొలాల్లో కోత మిషను తిరుగుతోంది. ఇప్పుడు కోసిన మడి నాలుగు రోజులైనా ఖాళీగా ఉండడం లేదు, గట్లు చాలావరకు చదును చేశారు, అలలు చూపించడానికి కూడా ఒక గట్టు మిగలలేదు. నేను ఎప్పటిలాగే ఆనాటి మాగ సంగతి ఎత్తాను. బహుశా నవ్వడానికే ఎత్తాను.

"మాగా? నేను జెల్ల అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ" అంది.

మాగే, తాతయ్య టీ హోటలులో చెబుతుంటే నా చెవులతో విన్నాను అన్నాను.

"చేప ఏదైతేనేం అన్నయ్యా. ఆ పూట నేను ఏడ్చాను తెలుసా నీకు? ముడి వేస్తుంటే, మీ అన్నయితే జారనిచ్చేవాడు కాదు అన్నాడు తాతయ్య. సీసం విసిరితే, మీ అన్నయితే సరిగ్గా అక్కడ దించేవాడు అన్నాడు. చేప పడ్డాక కూడా, వాడు చూసి ఉంటే తిథి వార నక్షత్రాలతో రాసి పెట్టేవాడు కదే, వాడిని తేకపోతినే అన్నాడు. అన్ని రోజులూ నీ భజనే. సముద్రం దాకా తీసుకెళ్ళి నీ గొప్పలు చెప్పాడు. నేను నీ మీద కుళ్ళుకుని ఆఖరి రెండు రోజులు గాలమే ముట్టలేదు."

ఆమె ఎంతో తేలిగ్గా, నవ్వుతూ చెప్పింది. యాభై ఏళ్ళ నా కడుపుమంట మీద నీళ్ళు చల్లాననుకుని కాబోలు, లేచి లోపలికి కాఫీ కలపడానికి పోయింది. నేను అక్కడే కూర్చున్నాను. తాతయ్య నా ఎదుట ఎన్నడూ తల ఊపడం తప్ప ఒక్క మాట అనలేదు. నా ముడి గురించి, నా సీసం గురించి, నా రాతల గురించి అన్ని మాటలు అన్నారట. ఏ వేళకు అన్నారో, ఏ గొంతుతో అన్నారో, అప్పుడు ఆయన మొహం ఎటు తిరిగి ఉందో చెల్లెలికి గుర్తు లేదు. గుర్తు ఉండదు. అడిగినా "ఏమో అన్నయ్యా" అంటుంది.

సముద్రం సరే, చేప సరే, అవి దానికి దక్కాయని ఎలాగో సరిపెట్టుకున్నాను. నా గురించి ఆయన అన్న మాటలు కూడా దానికే దక్కాయి.